తాయమ్మ లెక్కపెట్టిన ఇరవై ఎనిమిది దినాలు

బంగారుపాళ్యం చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటికి కొత్త కోడలు వచ్చినా, మూడో దినానికల్లా ఆ గడప తొక్కే మనిషి ఒకతె ఉండాది. పేరు తాయమ్మ. చుట్టాలు పలకరించడం మర్చిపోతారేమో గానీ ఆయమ్మ మర్చిపోదు. భుజాన గుడ్డ సంచి, ఒంటి మీద ఆశా కార్యకర్తలకిచ్చే చీర, చేతిలో ఒక తమలపాకు. సంచి నిండా పసుపు రంగు మాత్రల అట్టలు. 'మాత్రల తాయమ్మ' అని జనం పేరు పెట్టేసినారు. 'తలంబ్రాల బియ్యం ఇంకా ఊడ్సనే లేదు, అప్పుడే మాత్రలు తెచ్చేసింది సూడు' అని ముసిలోళ్ళు మూతి తిప్పుకుంటారు. తిప్పుకోనీ. నలభై ఏడేండ్లొచ్చినాయి, తోపుల ఎండకు నల్లబడిన మనిషి, తిప్పే మూతులకు భయపడేది ఎప్పుడో మానేసింది.

మునిరామయ్య కోడలు మోహన కాపరానికి వచ్చినప్పుడు కూడా ఇదే తంతు. పిల్లను అరుగు మీద కూచోబెట్టుకొని, దాని అరచేతిలో తమలపాకు పరిచింది.

"సూడు పాపా. కడుపులో పిండం మొదట ఇట్లా సాపగా ఉంటాది. ఆవగింజంత కూడా ఉండదు. మూడో వారంలో నడుమన ఒక గాడి పడతాది. అటంచూ ఇటంచూ పైకి లేస్తాయి." ఆకు రెండంచులూ వేళ్ళతో లేపింది. "లేసి, ఒకదాని తావకు ఒకటొచ్చి అతుక్కోవాల. ముందు మెడ కాడ అతుక్కుంటాది. ఆన్నుంచి పైకి కొంత, కిందికి కొంత మూసుకుంటా పోతాది. గొట్టం మాదిరి అవుతాది. పై కొస మెదడు, కింది కొస వెన్నులో నరం. ఇదంతా కడుపు పడినాక ఇరవై ఎనిమిది దినాల్లో అయిపోవాల. ఆ తరవాత నువ్వు ఏ దేవునికి మొక్కినా మూసుకోనిది మూసుకోదు."

"మూసుకోకపోతే?" అనింది మోహన.

తాయమ్మ వేళ్ళు తీసేసింది. ఆకు మళ్ళా విచ్చుకొని పిల్ల చేతిలో సాపగా పడుకునింది.

"అందుకే ఈ మాత్ర. నెల తప్పిందని నీకు తెలిసేటప్పటికే పద్నాలుగు దినాలు అయిపోయింటాయి. మిగిలేది ఇంకో పద్నాలుగు. కాబట్టి తెలిసేదాకా ఆగొద్దు. ఈ పొద్దే మొదలుపెట్టు."

ఆ మాట విన్న మునిరామయ్య పెండ్లాం లోపల్నుంచే, "మాయమ్మ మాత్రలు మింగే మమ్మల్ని కనిందా?" అనింది. తాయమ్మ గూడా లోపలికే వినపడేటట్టు, "కని పోగొట్టుకున్నోళ్ళ లెక్క ఎవురు రాసినారు వదినా!" అనేసి సంచి సర్దుకునింది.

ఆ సీమలో ఒక కట్టుబాటు ఉండాది. కడుపు నిలిచిందని తెలిసినా మూడు నెలలు నిండే దాకా ఆ మాట గడప దాటగూడదు. దిష్టి తగులుతాదంట. తల్లికి, మొగునికి తప్ప ఎవురికీ చెప్పరు. అత్తకు గూడా ముఖం చూసి కనుక్కోవాల్సిందే గానీ నోటితో చెప్పరు. మూడో నెల దాటినాక, పసుపు కుంకుమ పెట్టించుకొని, అప్పుడొస్తారు ఆస్పత్రి కార్డు రాయించుకోను. అప్పుడు తాయమ్మ మాత్రలిస్తే ఏం లాభం? చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు. మొదటి పదేండ్లు ఆయమ్మ గూడా అట్లాగే ఆకులు పంచింది, తెలీక.

తెలిసింది ఆరేండ్ల కిందట. ఆస్పత్రిలో ఆశాలందరికీ శిక్షణ పెట్టినారు. మధ్యాన్నం పైటేల పూట, ఫ్యాను తిరగని గదిలో, సగం మంది కునుకుతా ఉన్నారు. వయసులో చిన్నదే, ఒక డాక్టరమ్మ బోర్డు మీద బొమ్మ గీసింది. నరాల గొట్టం మూసుకునేది ఇట్లా, పై కొస మూసుకోకపోతే పుర్రె ఏర్పడదు, బిడ్డ పుట్టినా బతకదు, ఇదీ కథ అని చెప్పింది. గీసిన బొమ్మలో బిడ్డకు కనుబొమల దాకానే తల ఉండాది. తాయమ్మ లేచి బయటికి పోయి కొళాయి కాడ మొగం కడుక్కునింది. కడుక్కుంటానే ఉండాది, ఎవురో వచ్చి కొళాయి కట్టేసేదాకా.

తాయమ్మకు కొడుకు దయానంద్ కంటే ముందు ఒక కానుపు అయింది. ఊరందరికీ తెలిసిందేమంటే 'తొలిచూలు పుట్టి పోయింది' అని. అంతే. అట్లాంటివి ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో ఉంటాయి కాబట్టి ఎవురూ గుచ్చి అడగలేదు. పుట్టింట్లో, పాత చాప మీద, మంత్రసాని చేతుల్లో అయిన కానుపు అది. బిడ్డ ఏడవలేదు. మంత్రసాని దీపం పక్కకు జరిపేసింది. తల్లి ఒక పాత పంచె తెచ్చింది. "సూడొద్దు," అనింది తల్లి. "సూస్తే మళ్ళీ అట్లాంటిదే పుడతాది." గుడ్డలో చుట్టి మొగుడు శాంతయ్య చేతికిచ్చినారు. ఆయన తీసుకొని పోయి, తెల్లారినాక మట్టి చేతులతో వచ్చినాడు. మంత్రసాని, తల్లి కాకుండా చూసింది ఆయనొక్కడే. ఆ పొద్దు నుంచీ ఈ పొద్దు దాకా ఆ మాట ఎత్తలేదు.

తల్లి మాత్రం కారణం కనిపెట్టేసింది. "ఐదో నెలలో గ్రహణం పూట కత్తిపీట ముందర కూచుని గుమ్మడికాయ తరిగినావు, అందుకే బిడ్డకు కనుబొమల పైన తల లేకుండా పోయింది, నీకు సెప్తే ఇంటేనా?" అనింది. తాయమ్మ తరిగిన మాట నిజమే. ఆకలేసి తరిగింది. ఇరవై ఏండ్లు ఆ గుమ్మడికాయను మోసింది గుండెల మీద. ఇంట్లో గుమ్మడికాయ వండనియ్యలేదు. మొగుడు ఎందుకని ఒకసారీ అడగలేదు.

ఆ దినం కొళాయి కాడ ఆయమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టుకునింది. గ్రహణం వచ్చింది ఐదో నెలలో. గొట్టం మూసుకునేది మొదటి నెలలో. అంటే గుమ్మడికాయ తరిగే నాటికి నాలుగు నెలలకు ముందే ఆ పని చెడిపోయింది. ఆయమ్మకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, తల్లి మీద పట్టరాని కోపమొచ్చింది. ఆ తల్లి పోయి అప్పటికే ఏడేండ్లయింది, కోపం చూపించను మనిషి లేదు. లోపలికొచ్చి కూచుని డాక్టరమ్మను ఒక్క ప్రశ్న అడిగింది. "మేడం, ఒకరికి అట్లా పుడితే, మళ్ళా ఆ ఇంట్లో పుట్టే దానికి ఉండాదా?"

"ఉంటుందమ్మా. మామూలు వాళ్ళ కంటే ఎక్కువ. దగ్గర రక్తంలో కూడా కొంత ఎక్కువ. అట్లాంటి కుటుంబం అని తెలిస్తే మాకు ముందే చెప్పాలి, వాళ్ళకు పెద్ద మోతాదు రాస్తాం."

తాయమ్మ తలూపింది. ఇంటికి రాలేదు, నేరుగా పోయి ఆ వారంలో పెళ్ళైన పిల్ల ఇంటి గడప తొక్కింది. ఆన్నుంచి మొదలు ఆ పిచ్చి. ఆరేండ్లలో ఆయమ్మ చేతి మాత్రలు మింగిన పిల్లలు రెండు నూర్ల పైచిలుకు. క్షయ జబ్బు సుబ్బన్న తానిచ్చే మాత్ర మింగినాడో లేదో అని నోరు తెరిపించి, నాలిక ఎత్తించి చూసినట్టు, కొత్త కోడళ్ళనూ నోరు తెరిపించి చూసేది. అందరికీ ఆకు చూపించింది. ఎవురికీ తన కథ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది. పడినాక ఎత్తుకునేది ఎవురు?

ఇంక అసలు సంగతికి వద్దాం. పోయిన వైశాఖంలో దయానంద్‌కు పెళ్ళి చేసినారు. పిల్ల ఎవరో కాదు, తాయమ్మ సొంత అన్న పరంధామయ్య కూతురు కోమలి. మేనరికం. పుట్టినప్పుడే ఉయ్యాల కాడ అనుకున్న సంబంధం. డిగ్రీ చదివింది, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు పని చేస్తాది, మంచి పిల్ల. అత్తను చిన్నప్పటి నుంచీ 'అత్తా' అనే పిలిచింది కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

పెళ్ళి ఖాయం చేసే దినం తాయమ్మకు నోటి దాకా వచ్చింది. 'అన్నా, నా తొలి బిడ్డ మామూలుగా పోలేదు. మేనరికం కదా, ముందు డాక్టరును అడుగుదాం' అని. వదిన సుబ్బులమ్మ అప్పుడే తాంబూలం పళ్ళెం తెస్తా ఉండాది. సుబ్బులమ్మ సంగతి తాయమ్మకు తెలుసు. ఒక మాట వింటే దానికి కాళ్ళూ చేతులూ తగిలించి ఊరు తిప్పి తెస్తాది. సంబంధం చెడిపోతే? కొడుకు కోమలిని తప్ప ఇంకొకతెను చేసుకోనని కూచున్నాడు. తాయమ్మ ఆ మాటను వక్కతో పాటు నమిలి మింగేసింది. నా చేతిలో మాత్రలుండాయి కదా, నా ఇంటికొచ్చే పిల్లే కదా, నేనే చూసుకుంటాలే అనుకునింది.

మూడో దినం పొద్దున అట్ట తీసి కోమలి చేతిలో పెట్టింది. తమలపాకు తీసుకోలేదు. ఊరిలో పిల్లలకైతే గవర్నమెంటు పాఠం మాదిరి చెప్పేస్తాది. సొంత పిల్ల ముందర ఆకు పరిస్తే, 'మూసుకోకపోతే ఏమవుతాదత్తా? నువ్వు చూసినావా?' అని అడుగుతాదని భయం. కోమలి అట్లా అడిగే పిల్లే. అందుకని, "దినానికొకటి మింగు పాపా. బలానికి," అనింది. అంతే అనింది. నోరు తెరువు అని గూడా అడగలేదు. మేనకోడలిని అట్లా అడిగితే బాగుంటాదా?

కోమలి దినమూ పొద్దున, "మింగినానత్తా," అనేది. ఖాళీ అట్టలు తాయమ్మకు తిరిగిచ్చేది. తాయమ్మ వాటిని చూసుకొని తృప్తిగా ఉండేది.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తను చూడగూడదు, అల్లుడు మామ గడప తొక్కగూడదు. పరంధామయ్య వచ్చి కూతుర్ని పిల్చుకొని పోయినాడు. తాయమ్మ పిల్ల సంచిలో మూడు అట్టలు పెట్టి, "మర్చిపోకు," అని బస్సు దాకా పోయి చెప్పి వచ్చింది.

శ్రావణంలో కోమలి తిరిగొచ్చింది, సారె మిఠాయితో. వచ్చిన రెండో దినం పెరట్లో వాంతి చేసుకుంటా ఉంటే తాయమ్మ పోయి తల పట్టుకునింది. అడిగే పనే లేదు. మొగం చూస్తే తెలిసిపోతా ఉండాది.

"ఎప్పుడు బయటున్నావు పాపా, ఆఖరున?"

కోమలి తలొంచుకొని చెప్పింది. జ్యేష్ఠంలో. ఏరువాక పున్నానికి రెండు వారాలు ముందు. తాయమ్మ లోపల లెక్క పెట్టుకునింది. కడుపు పడింది ఏరువాక పున్నం కాడ. ఇరవై ఎనిమిది దినాలు ఆషాఢంలో నిండిపోయినాయి, పిల్ల పుట్టింట్లో ఉన్నప్పుడు. ఇప్పటికి మూడు వారాలకు పైనే దాటిపోయింది. అయ్యేదేదో అయిపోయింది, లోపల.

"నాకెందుకు చెప్పలేదు?"

"మూడు నెలలు చెప్పొద్దనింది అమ్మ. దిష్టని."

"సరే. మాత్రలు మింగినావు కదా? ఆడ గూడా?"

"మింగినానత్తా."

అప్పుడు తాయమ్మ నిజంగా సంతోషపడింది. ఆ సాయంత్రం శాంతయ్యకు చెప్తే, తోపుల్లో కాయ కోసి కోసి వంగిపోయిన ఆ మనిషి గూడా ఒక్క క్షణం నిలబడి చూసినాడు. "ఈసారి..." అన్నాడు. మళ్ళా మాట ఆపేసి గమ్మున బీడీ వెతుక్కున్నాడు. ముప్పై ఏండ్లకు దగ్గర పడతా ఉంటే, ఆ మాట దరిదాపుల్లోకి ఆయన రావడం అదే మొదలు.

మరుసటి దినం కోమలి కార్డు తాయమ్మే రాసింది. ఆ కార్డులో ఒక గడి ఉండాది, 'కుటుంబంలో పుట్టుక లోపాలు' అని. ఆరేండ్లుగా ప్రతి పిల్లనూ ఆ మాట రెండేసి సార్లు అడిగి రాసే మనిషి. ఈసారి ఎవురినీ అడగలేదు. పెన్ను ఆడ ఆగింది. పక్కన దయానంద్ వంగి చూస్తా ఉన్నాడు. తాయమ్మ 'లేవు' అని రాసింది. చక్కని దస్తూరి ఆయమ్మది.

వినాయక చవితికి ముందు ఇల్లు దులపడం ఎవురికైనా ఉండేదే. సజ్జ మీద కోమలి పెళ్ళికి తెచ్చుకున్న పౌడరు డబ్బా ఒకటి పాతబడి పడుంటే, ఖాళీదేమో పారేద్దామని తాయమ్మ ఊపి చూసింది. గలగలమనింది. పౌడరు గలగలమనదు కదా. మూత తిప్పి అరచేతిలో వంచింది.

పౌడరు అంటుకొని తెల్లబడిన మాత్రలు. వేలితో రుద్దితే పసుపు రంగు. వంచే కొద్దీ వస్తానే ఉండాయి. అరచెయ్యి నిండి, చాప మీద దొర్లినాయి.

తాయమ్మ నిచ్చెన మెట్టు మీదనే కూచునింది. కోమలి వాకిట్లో ముగ్గు పెట్టి లోపలికొచ్చి, చూసి, ఆన్నే నిలబడిపోయింది.

"ఏంది పాపా ఇది?"

కోమలి ఏడ్చేసింది. "అమ్మ చెప్పిందత్తా, అవి పిల్లలు కాకుండా ఇచ్చే మాత్రలని. పెళ్ళైన మూడో దినమే అత్త మాత్రలిస్తే ఇంకేం ఉంటాదనింది. మీ అత్త ఊర్లో అందరికీ ఆ మాత్రలే కదా పంచేది, ఆపరేషన్లకు పిల్చుకొని పోయేది ఆమే కదా, నీ ఉద్యోగం పోతాదని కాన్పు ఆపుతా ఉండాది, మింగొద్దనింది. నేను నమ్మలేదు. కానీ ఎందుకని అడిగితే నువ్వు బలానికి అన్నావు. నాకు బలం లేదని నీకెట్లా తెలుసు? ఏదో దాస్తా ఉండావని నాకూ అనిపించింది. మొగాన కొట్టినట్టు వద్దనలేక..."

సుబ్బులమ్మను తిట్టడానికి తాయమ్మకు నోరు రాలేదు. ఆ మాట నిజమే. ఆ సంచిలో నుంచే పిల్లలు కాకుండా మింగే మాత్రలూ పంచుతాది. ఆ సంచిలో నుంచే ఇవీ. కొత్త కోడలి చేతికి అత్త మాత్ర ఇచ్చిందంటే ఈ సీమలో ఏ తల్లయినా అదే అనుకుంటాది. రెండు నూర్ల ఇండ్లలో ఆ అనుమానాన్ని తమలపాకు తీర్చింది. ఈ ఒక్క ఇంట్లో ఆకు తియ్యలేదు.

"దాస్తా ఉండావు కదత్తా?" అనింది కోమలి మళ్ళా. "ఏంది అది?"

అప్పుడైనా చెప్పుండొచ్చు. చెప్పినా లోపల జరిగింది మారదు, అది వేరే సంగతి. "ఏం లేదు పాపా. ఏడవొద్దు, కడుపుతో ఉన్నోళ్ళు," అనింది తాయమ్మ, మాత్రలు ఒకటొకటే ఏరుకుంటా.

పండగ వచ్చింది, పోయింది. ఆస్పత్రికని పండగ నాడు పిల్లను కదిలించగూడదని శాంతయ్య అన్నాడు. తాయమ్మ ఉండ్రాళ్ళు చేసింది, అక్షింతలేసింది, కోడలు నడిచేటప్పుడల్లా ఆ పొట్ట వైపే చూసింది. మాత్ర మింగకుండా కన్నోళ్ళు లోకమంతా ఉండారు. మునిరామయ్య పెండ్లాం కనింది, సుబ్బులమ్మ కనింది. వెయ్యి మందిలో ఏ ఒకరికో ఇద్దరికో గదా అట్లా పుట్టేది. ఈ లెక్క ఆయమ్మ నాలుగు దినాలు జపం మాదిరి చెప్పుకునింది. చెప్పుకున్నప్పుడల్లా ఆ పక్కనే ఇంకో లెక్క వచ్చి కూచునేది. వెయ్యి మంది ఇండ్లలో పాత పంచెలో చుట్టింది ఏదీ లేదు. తన ఇంట్లో ఉండాది. పైగా మేనరికం.

ఐదో దినం, "స్కానింగు తీపిద్దాం, చిత్తూరికి పోదాం," అనింది. "ఐదో నెలలో కదమ్మా?" అన్నాడు దయానంద్. "ఇప్పుడే," అనింది. అమ్మ మొగం చూసి వాడు ఎదురు మాట్లాడకుండా బండి తీసినాడు. కోమలిని బండి మీద కుదుపులెందుకని మళ్ళా బస్సెక్కించినాడు. కిటికీ పక్కన కోమలి నిద్రపోయింది, అత్త భుజం మీద తల పెట్టుకొని. తాయమ్మ భుజం కదిలించకుండా చిత్తూరు దాకా కూచునింది.

స్కానింగు గదిలోకి ముగ్గురినీ రానిచ్చినారు. డాక్టరమ్మ పెద్దావిడ, నవ్వు మొగం. కోమలి పొట్ట మీద జిగురు పూసి, పరికరం పెట్టి, "ఇదిగో గుండె, ఎంత గట్టిగా కొట్టుకుంటోందో చూడండి," అనింది. దయానంద్ నవ్వినాడు. తెర మీద నల్లగా, నడుమ తెల్లగా, ఏదో కదలతా ఉండాది. "ఇవి చేతులు. ఇవి కాళ్ళు." పరికరం పైకి జరిగింది. ఆగింది. మళ్ళా పక్కకు తిప్పి పెట్టింది, మళ్ళా తిప్పి పెట్టింది. డాక్టరమ్మ మాట్లాడటం మానేసింది.

దయానంద్ ఇంకా నవ్వుతానే ఉన్నాడు, ఏమీ తెలీక. తాయమ్మ తెర వైపు చూసింది. ఆరేండ్ల కిందట బోర్డు మీద చూసిన బొమ్మే. రెండు కండ్ల గుంతలు పెద్దగా, వాటి పైన ఏమీ లేదు.

డాక్టరమ్మ చెయ్యి తుడుచుకొని కోమలి చెయ్యి పట్టుకునింది. "తల్లీ, గట్టిగా ఉండాలి నువ్వు. బిడ్డకు తల పైభాగం ఏర్పడలేదు. కడుపులో ఉన్నంత సేపు గుండె కొట్టుకుంటుంది. బయటికొస్తే బతకదు." తరవాత ఇంకా ఏందేందో చెప్పింది, మెల్లగా, ఒకటికి రెండు సార్లు. ఎవురూ కారణం కాదనింది. ఇంకో డాక్టరు చేత గూడా చూపించుకోమనింది. ఆస్పత్రికి రాసిస్తాననింది. కోమలి పైకప్పు చూస్తా పడుకోనుండాది. దయానంద్ ఆ పిల్ల కాళ్ళు పట్టుకొని కూచుండిపోయినాడు.

"మేనరికమా?" అనింది డాక్టరమ్మ, కార్డు చేతిలోకి తీసుకొని.

"అవును మేడం," అన్నాడు దయానంద్.

"మీ ఇండ్లలో ఇంతకు ముందు ఎవరికైనా ఇట్లా పుట్టిందా? ఇందులో లేవు అని రాసుంది."

"లేదు మేడం. ఎవురికీ లేదు."

తాయమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉండాది. గమ్మున ఉంటే సరిపోతాది. కార్డు మీద ఉండాది, కొడుకు నోటితో చెప్పినాడు, ఇంక ఎవురడగబోతారు? కానీ ఇంకో బిడ్డ ఉంటాది కదా. ఈ పిల్ల మళ్ళా నీళ్ళు పోసుకుంటాది కదా. అప్పుడు గూడా ఆ గడిలో 'లేవు' అనే ఉంటాది.

"ఉండాది మేడం," అనింది. "నాకే. వీనికంటే ముందు. తొలిచూలు. ఇట్లాంటిదే."

దయానంద్ తలెత్తి చూసినాడు.

"ఈ కార్డు రాసింది ఎవరు?" అనింది డాక్టరమ్మ.

"నేనే."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడుంటే బాగుండేది. "పెద్ద మోతాదు రాసేవాళ్ళమమ్మా, పెళ్ళికి ముందే తెలిసుంటే. అది వేసుకునుంటే రాకపోయేదని చెప్పలేను. వేసుకున్నా కొందరికి వస్తుంది. తగ్గేది, అంతవరకే చెప్పగలను."

"ఆ పెద్ద మాత్రలే కాదు, మామూలువి గూడా ఈ పిల్ల మింగలేదు మేడం," అనింది తాయమ్మ. "నేను చెప్పే తీరుగా చెప్పలేదు."

అప్పుడు కోమలి మాట్లాడింది. పైకప్పు మీద నుంచి చూపు తిప్పకుండానే. అరవలేదు, ఏడవలేదు.

"ఆ ఒక్క మాట చెప్పింటే మింగేదాన్ని గదత్తా."

బయట వరండాలో కుర్చీలుంటే దయానంద్ తల్లి పక్కన కూచోకుండా ఎదురుగా నిలబడినాడు. తల్లిని అడిగినాడు. "మొగబిడ్డా, ఆడబిడ్డా? నా కంటే ముందు పుట్టింది."

"సూడనీలేదు నాయనా," అనింది తాయమ్మ. "ఈ పొద్దే సూసినా."

ఆ తరవాత జరిగినవి అన్ని ఊర్లలోనూ జరిగేవే. ఇంకో డాక్టరూ అదే మాట చెప్పినాక, ఆస్పత్రిలో మూడు దినాలుండి కోమలి ఖాళీ కడుపుతో బయటికొచ్చింది. సుబ్బులమ్మ గుండెలు బాదుకుంటా వచ్చి, "ఈ ఏడు గ్రహణం గూడా పట్టలేదు గదా, నేను కత్తి ముట్టనీలేదు గదా," అని ఏడ్చింది. తన మాట వల్లే పిల్ల మాత్రలు దాచిందని ఆమెకు ఎవురూ చెప్పలేదు. తాయమ్మ చెప్పనియ్యలేదు. ఆ భారం ఒక్కరికి చాలనింది. ఇంట గెలవలేక రచ్చ గెలిచిందని జనం అనుకునేది అనుకున్నారు. పెట్టిన పేరు మాత్రం తీసెయ్యలేదు.

తాయమ్మ పని మానలేదు. నెల తిరక్కుండానే సంచి భుజాన వేసుకునింది. ఇప్పుడు గూడా మూడో దినానికి గడప తొక్కుతాది, తమలపాకు పరుస్తాది. అయితే ఆకు కంటే ముందు ఒక మాట చెప్తాది, లోపల ఉన్న అత్తలకు గూడా వినపడేటట్టు. "ముందు కూసో పాపా. నా తొలి బిడ్డకు తల లేదు. నా కోడలి తొలి బిడ్డకూ లేదు. ఇప్పుడు ఈ ఆకు సూడు." ముందు పోయిన ఇండ్లకు గూడా మళ్ళా పోయి ఆ మాట చెప్పింది. మునిరామయ్య పెండ్లాం అది విన్న దినం లోపల్నుంచి బయటికొచ్చి, మోహన చేతిలో మాత్ర తానే పెట్టింది. అట్లాంటప్పుడు తాయమ్మకు సంతోషం కలగాల. కలగదు.

మాఘం వచ్చింది. కోమలికి డాక్టరు రాసిన పెద్ద మాత్రలు ఇంట్లోనే ఉండాయి. నెల తప్పకముందే మూడు నెలలు మింగాల, తప్పినాక ఇంకో మూడు నెలలు. ఒంటికి పోసుకున్న నీళ్ళు ఆరకముందే పొద్దున్నే కోమలి వంటింట్లోకి వస్తాది. అట్టలో నుంచి ఒక మాత్ర తానే తీసుకుంటాది. చెంబెత్తి నీళ్ళు తాగుతాది. తరవాత తాయమ్మ ముందరికొచ్చి నిలబడి, నోరు తెరిచి, నాలిక పైకెత్తి చూపిస్తాది.

అట్లా చూపించమని ఆ పిల్లను ఎవురూ అడగలేదు. మొదటి దినమే తాయమ్మ, "వద్దు పాపా," అనింది. కోమలి వినలేదు. దినమూ చూపిస్తాది, అత్త కండ్లెత్తి చూసేదాకా నోరు ముయ్యదు.

"చూసుకున్నావా అత్తా?" అంటాది.

"చూసినా," అంటాది తాయమ్మ. పొద్దు గుంకే దాకా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ నడుమ మాట అదొక్కటే.